బల్లి పడి చచ్చిన మహావీరుడు

‘ఆ రోజుల్లో’ అని మొదలుపెట్టేంత వయసు నాకింకా రాలేదు గానీ జుట్టు మాత్రం తొందరపడుతోంది. అందుకని ఆ ధైర్యంతోనే అంటున్నాను: ఆ రోజుల్లో మనిషి విలువ వాడి దగ్గరున్న పుస్తకాల లావును బట్టి ఉంటుందని గట్టిగా నమ్మేవాణ్ణి. గోదావరి వైపు నుంచి మొదటి ఉద్యోగానికని హైదరాబాదు వచ్చి, నాంపల్లిలో రిటైరైన ఒక టీచరమ్మ ఇంట్లో ముందుగది అద్దెకు తీసుకుని, అబిడ్స్‌లోని ఒక ఆఫీసులో పనిచేసేవాణ్ణి. ఇంత మహానగరంలో నాకు దగ్గరైనవాళ్లు ఇద్దరే, ఆఫీసులో నా పక్క సీట్లవాళ్లు. ఒకడివాళ్లకు సుల్తాన్ బజార్‌లో చీరల కొట్టుంది కాబట్టి వాడు సేట్. రెండోవాడిల్లు కాచిగూడ స్టేషన్ వెనకాల కాబట్టి వాడు స్టేషన్. వీళ్లిద్దరూ ఆదివారం నా గదికి రాకపోతే సోమవారం దాకా నాతో మాట్లాడే నాథుడు లేడు. వాళ్లను రప్పించడానికి నా దగ్గరున్న ఒకే ఒక్క ఆకర్షణ ఒక ఆట.

ఆటంటే పరుగెత్తేది కాదు. బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకడు కథ నడుపుతాడు (నేనే, ఆ కుర్చీ ఇంకొకరికి ఇచ్చేవాణ్ణి కాదు). మిగతావాళ్లు ఆ కథలో తలా ఒక వీరుడై ఎక్కడికి పోతారో, ఎవరిని కొడతారో చెబుతారు. దెబ్బ తగిలిందా లేదా అన్నది ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. ఈ ఆటకు సోర్స్‌బుక్కులని ఉంటాయి. రాక్షసులకొకటి, మంత్రాలకొకటి, కత్తులకూ కవచాలకూ ఒకటి. వాటిలో ఏది పనికొస్తుందో, ఏది వట్టి బరువో కనిపెట్టడం పెద్ద విద్య, అందులో నన్ను మించినవాడు లేడని నా నమ్మకం. ఆదివారం పొద్దున అబిడ్స్‌లో దుకాణాలు మూసి ఉంటే వాటి ముందు ఫుట్‌పాత్ నిండా పాత పుస్తకాలు పరుస్తారు కదా, అక్కడ ఇంజనీరింగ్ గైడ్ల కిందా వంటల పుస్తకాల కిందా చేతులు పెట్టి ఈ విదేశీ పుస్తకాలను బయటికి లాగేవాణ్ణి. నా పరీక్ష ఏమిటంటే, ముందు అట్ట మీద రాక్షసుడికెన్ని తలలున్నాయో చూడాలి, తర్వాత అరచేతిలో పెట్టుకుని దోసకాయను చూసినట్టు బరువు చూడాలి.

అలా బరువు చూసి తెచ్చిందే మంచుదేశం పుస్తకం. మే నెల, నాంపల్లిలో ఫ్యాను వేడిగాలి కొడుతుంటే, నేను గడ్డకట్టిన సరస్సుల మీద గుర్రాలను నడిపించాను. పావుగంట కథ, ముప్పావుగంట పేజీలు తిప్పడం. సేట్ బనియను తీసి విసురుకుంటూ, “అన్నా, గుర్రం కాలు జారుతదా లేదా అని ఎంతసేపు జూస్తవ్ పుస్తకంల? జారనియ్యరాదు!” అన్నాడు. స్టేషన్ ఇంకాస్త ముందుకు వెళ్లి, “వచ్చే ఆదివారం జర మంచిగుండాలె అన్నా. లేకుంటే క్రికెట్‌కు పోతం” అన్నాడు. క్రికెట్‌లో నేను బంతి పట్టడం ఎవరూ చూడలేదు, చూసినా నవ్వకుండా ఉండలేరు. వీళ్లు పోతే నా ఆదివారాలు ఏమైపోవాలి?

ఆ వారమంతా నిద్ర లేదు. ఆదివారం పొద్దున్నే అబిడ్స్ ఫుట్‌పాత్‌నంతా జల్లెడపట్టి, రాక్షసుల పుస్తకాల్లోకెల్లా లావుపాటిది పట్టుకొచ్చాను. అట్ట మీద ఒళ్లంతా కళ్లున్న భూతం. గుమ్మంలోనే టీచరమ్మ ఎదురైంది. దాన్ని చూసి ఆవిడ రెండడుగులు వెనక్కి వేసింది. “ఓయమ్మో! ఏందిర బిడ్డా గిది? దేవుని అర్ర పక్కన్నే దయ్యాల బొమ్మలు వెడ్తవా?” అంది. ఆటలోదండీ, బొమ్మేనండీ అని బతిమాలుకుంటే సగం నమ్మి, మిగతా సగం కనిపెట్టడానికి మధ్యాహ్నం చిక్కుడుకాయల గిన్నె పట్టుకుని మా గది గుమ్మంలోనే కూర్చుంది.

నేను గొంతు సవరించుకుని, “గురువారం తెల్లవారింది. వీరులిద్దరూ దక్షిణ దిక్కున గుహలకు బయల్దేరారు...” అన్నానో లేదో, గుమ్మంలోంచి చిక్కుడుకాయలు తుంచుతున్న చప్పుడు ఆగిపోయింది.

“గురువారం పూట దక్షిణం దిక్కు ఎవడన్న పోతడార?”

“ఆంటీ గారూ, ఇది ఆటండీ.”

“ఆటైతే మాత్రం? గంత లావు పుస్తకంల వారశూల లేదా?”

“లేదండీ.”

“మరెందుకు కొన్నవ్?”

ఆవిడ లేచి వెళ్లి దేవుడి గదిలో మేకుకు వేలాడుతున్న పంచాంగం తెచ్చి నా భూతం మీద పెట్టింది. “మీ రాశులేంది?” అని సేట్‌నూ స్టేషన్‌నూ అడిగి, “వృషభం. ఆదాయం రెండు, వ్యయం పదకొండు” అని చదివింది. “అరే, మా కొట్టు లెక్కనే ఉన్నది!” అన్నాడు సేట్. స్టేషన్‌కు రాజపూజ్యం ఒకటి, అవమానం ఏడు వచ్చాయి. వాడు మంచం మీంచి ఎగిరి గంతేసి, “అన్నా! గిది మన ఆట పుస్తకమే! అన్ని పాయింట్లు ఈడనే ఉన్నయ్!” అని అరిచాడు. ఏడాదిగా అబిడ్స్ దుమ్మంతా తిని నేను వెతికింది నా గోడకు అవతలే వేలాడుతోందన్నమాట.

ఆ తర్వాత ఎప్పుడు జరిగిందో నాకే తెలియదు, నా కుర్చీలో టీచరమ్మ కూర్చుని ఉంది. వర్జ్యంలో గుహలోకి దిగితే దారి తప్పించింది, శకునం చూడకుండా కదిలితే ఎదురుగా నూనెకుండవాణ్ణి పెట్టింది. ఇద్దరూ కేకలు, చప్పట్లు. నా మొహం చూసి ఆవిడకే జాలేసిందేమో, “నువ్వు గూడ ఒకన్ని చేస్కో బిడ్డా” అంది. చేసుకున్నాను. రెండు కత్తులు, ఏడు తరాల వంశం, తలకు ఇనుప శిరస్త్రాణం. మహావీరుడు! గుహలో అడుగుపెట్టగానే పైనుంచి బల్లి పడిందంది ఆవిడ. పాచిక వేశాను. పంచాంగంలో బల్లిపాటు పట్టిక మీద ఆవిడ వేలు ఒక్కో గడీ దిగుతూ వెళ్లి ఆగింది. కళ్లజోడు సర్దుకుంది.

“నడినెత్తి మీద వడ్డది బిడ్డా.”

“అంటేనండీ?”

“మృత్యువు.”

“అదెలాగండీ! నా వీరుడికి ఇనుప టోపీ ఉందండీ!”

“బల్లికి ఇనుమైతేంది, తోలైతేంది? శాస్త్రంల టోపీ ముచ్చట లేదు. వడంగనే తానం జేసినవా?”

“గుహలో స్నానమేమిటండీ!”

“జెయ్యలే గద. సచ్చిండు.”

పుట్టి పావుగంట కాలేదు, పోయాడు. సేట్ నేల మీద పడి దొర్లుతున్నాడు. నవ్వితే పోయేది, కానీ నాకు ఏడుపొచ్చింది. నా కుర్చీ పోయింది, నా పుస్తకాలు పోయాయి, ఇప్పుడు నేను కూడా పోయాను. లావుపాటి పుస్తకం ఠపీమని మూసి, “సరే, ఇంక నాతో పనేముందిరా. ఆవిడతో ఆడుకుంటారో, క్రికెట్‌కు పోతారో మీ ఇష్టం” అన్నాను. నవ్వు ఆగిపోయింది.

“నీతోటి పని లేదంటవేందన్నా? నీ పుస్తకాలు మాకు ఒక్కదినం గూడ సమజ్ కాలే” అన్నాడు సేట్.

“మరి ఏడాది పాటు ఎందుకొచ్చార్రా?”

ఇద్దరూ మొహాలు చూసుకున్నారు. చివరికి స్టేషన్ చెప్పాడు. “నువ్వు కొత్తగ వచ్చినప్పుడు ఒక ఆదివారం నాంపల్లి స్టేషన్‌ల బెంచీ మీద కూసున్నవ్. రైలెక్కుతలేవు, ఎవ్వర్నీ దించుకుంటలేవు. మా అత్తను తోల్కరానికి వచ్చి చూసిన. సేట్‌కు చెప్పిన, ఆదివారాలు గీన్ని ఒక్కన్ని ఇడ్వద్దని.”

“మరి క్రికెట్‌కు పోతామన్నారు?”

“నిన్ను గూడ తోల్కపోదామనే అన్నం. నువ్వు పుస్తకంలకెంచి తల లేపితే గద!”

మహావీరుడి చావు కూడా నన్నంత ఊపెయ్యలేదు. ఇన్నాళ్లూ వీళ్లను నేను పట్టి ఉంచానని మురిసిపోయాను! సిగ్గుతో తల ఎత్తలేకపోయాను, ఆనందంతో కూడా. టీచరమ్మ చిక్కుడుకాయల గిన్నె నా ఒళ్లో పెట్టి, “ఏడుపు సాలు. గివి తుంచు, ముగ్గురు తినిపోండ్రి” అంది.

ఇప్పటికీ ఆఫీసు కుర్రాళ్లు వచ్చి, “సార్, ఈ ఆటకు ముందు ఏ పుస్తకం కొనాలి?” అని అడుగుతూ ఉంటారు. ఉపన్యాసానికి గొంతు సవరించుకుంటాను, పాత అలవాటు. అంతలో నవ్వొచ్చి, “ముందు ఆదివారం ఎవరొస్తారో చూసుకోండి నాయనా” అంటాను. వాళ్లు నన్ను ఎగాదిగా చూసి, వెళ్లి అన్నిటికన్నా లావుపాటిదే కొనుక్కుంటారు. కొననివ్వండి, ఆ వయసులో నాకెవరైనా చెబితే నేను మాత్రం విన్నానా!