ఆవపిండి తూకం దగ్గర నేను వేసిన నింద

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి, గొంతు తగ్గించి చెబుతాను. ఈ తప్పు నాదే.

కలకత్తా పక్కన మా సంత్రాగాఛి రైల్వే క్వార్టర్లలో, పక్కింటావిడా నేనూ ఆవకాయకు ఆవాలు కలిపే మిల్లులో ఆడించుకుంటాం. వరస కలుపుకొని మరదలని పిలుస్తాను. తూచి పంచేది ఎప్పుడూ ఆమే. ఎన్నడూ నేను మళ్ళీ తూచి చూడలేదు. మొన్నటి వేసవిలో కంప్యూటర్ ఉద్యోగం చేసే మా కోడలు, తూకం మిషన్‌ను లాప్‌టాప్‌కు తగిలించి, లెక్క సరిచూసే ప్రోగ్రాం రాసిపెట్టింది. మిల్లువాడు సంచి మీద వేసిన బరువు, పాయింట్ ఎనిమిది కిలో, అందులో ఎక్కించి ఆఫీసుకు వెళ్ళింది.

ఎవరి ఆవాలకు తగ్గట్టు వాళ్ళకి, మరదలు మాకు పాయింట్ ఏడు, తనకు పాయింట్ ఒకటి తూచింది. తెర మీద ఎర్రగా “తక్కువ” అని పడింది.

“ఏటే, పిండి ఎటెళ్ళింది?” అన్నాను.

“ఎటెళ్తాదొదినా? నీ ముందే కదా తూసినాను.”

“మిషను అబద్దం సెప్తాదేటి? సేతివాటం లేకుండా తరుగెలాగొస్తాది?”

మామిడి ముక్కలు తుడుస్తున్న ఇరుగుపొరుగు తలలు దించుకున్నారు. మరదలు తన వంతు కూడా మా డబ్బాలోకి వంచేసింది.

“ఇదీ నువ్వే ఉంచుకో. ఆవకాయ లేకపోతే మా ఇంట్లో ఎవులూ సావరు.”

సాయంత్రం కోడలు ఇంటికొచ్చి, తెర చూసి నాలుక కరుచుకుంది.

“తప్పు నాదత్తయ్యా. పాయింట్ ఏడును కంప్యూటర్ ఉన్నదున్నట్టు దాచుకోలేదు. దాని లెక్కలో అది తెగని అంకె, ఎక్కడో తెంపేస్తుంది. తెంపిన అంకెను తీసుకొని దశాంశాల్లోకి మార్చాను. ఆ తరుగూ దాంతోపాటే వచ్చేసింది. తూకంలో కనబడిన అంకెను కనబడినట్టే మొదటే ఇవ్వాల్సింది.”

తెర మీద ఏడుండవలసిన చోట ఆరు, దాని వెనక తొమ్మిదులు బారులు తీరి ఉన్నాయి.

“ఎంత తరుగే?”

“ఈగ కాలికి కూడా అంటదు.”

పెద్ద చదువు చదవకపోయినా, ఏడూ ఒకటీ ఎనిమిదని వేళ్ళ మీద చెప్పగలదాన్ని. అప్పుడు వేళ్ళు ముడిచి చూడలేదు. అందరి ముందూ దొంగను చేయడానికి మాత్రం క్షణం పట్టలేదు నాకు.

ఆమె వంతు పిండి పట్టుకొని మరదలింటికి వెళ్ళాను. తలుపు తీసింది. తల ఎత్తలేక గడప దగ్గరే నిలబడి, “బుద్ధి లేక అన్నానే,” అన్నాను.

“లోపలికి రా ఒదినా. టీ పెడతాను.” పిండి అందుకుంది. పొయ్యి వైపు తిరిగి, నా ముఖం చూడకుండా అంది: “ఇకమీదట తూకం మాత్రం నాను ఎయ్యను.”

టీ తాగి, గ్లాసు నేనే కడిగిపెట్టి వచ్చాను.

మీ ఇంట ఉప్పూ పప్పూ నిండుగా ఉండాలి నాయనా. పక్కింటి చెయ్యి జంకు లేకుండా మీ డబ్బాలో పడాలి, మీది వాళ్ళ డబ్బాలో పడాలి. చల్లగా ఉండండి.