బల్బు పీకనన్న మెకానిక్

తొంభైల చివర్లో మాదాపూర్‌లో మా ఆఫీసు కొత్తగా తెరిచారు. మా బాస్ విదేశం నుంచి తెప్పించుకున్న కారు బాగోగులు నా నెత్తిన పడ్డాయి. మలుపుల్లో కారు జారిపోకుండా కాపాడే ఏర్పాటు చెడిందని డాష్‌బోర్డు మీద పసుపు లైటు వెలిగితే, బాలానగర్‌లో ఒక మెకానిక్‌కి అప్పగించాను.

మూడు రోజులు తిరిగాను. ఎప్పుడడిగినా చేతులు గుడ్డతో తుడుచుకుంటూ "చూస్తున్న గద సార్" అనేవాడు. తుడిచిన వేలే మళ్లీ తుడిచేవాడు. నాకు ఒళ్లు మండిపోయేది.

"ఆ బల్బు పీకేయవయ్యా! రేపు మా బాస్ పిల్లల్ని తీసుకుని శ్రీశైలం వెళ్తున్నారు" అని అరిచాను.

"ఘాట్ రోడ్డు మీద పిల్లలా? అయితే అస్సలు పీకను సార్."

మర్నాడు పొద్దున వెళ్లేసరికి వెనక చక్రం విప్పి, దాని సెన్సర్ వైరు చూపించాడు. పైకి బాగానే ఉంది, లోపల తెగింది. బండి ఊగినప్పుడల్లా విడిపోతోందట. వైరు మార్చి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని గుంతల రోడ్డంతా తిప్పాడు. లైటు వెలగలేదు.

"ఈ ముక్క నిన్ననే చెప్పొచ్చుగా?" అన్నాను విసుగ్గా.

"నిన్న నాకు దొరకలె సార్. దొరికిందని అబద్ధం చెప్పాల్నా?"

థాంక్స్ కూడా చెప్పకుండా కారు తీసుకొచ్చేశాను.