ఊపిరి మిషను

వెంటిలేటర్ అలారం మోగితే నా చేతిలో పని ఇప్పటికీ ఒక్క క్షణం ఆగిపోతుంది. పలాసలో ఈ ఐసీయూ బాధ్యత నాకు వచ్చి చాలాకాలమే అయింది. అయినా ఆ మోత వినగానే టెక్కలి ఆసుపత్రి, అక్కడ నాకు పని నేర్పిన డాక్టర్ అనసూయ మేడం గుర్తొస్తారు. ఆవిడకు కోపం ముక్కు మీదే ఉండేది. రోగి బంధువులతో నిలబడి మాట్లాడే డాక్టర్ని చూస్తే ఒళ్ళు మండేది. "కూర్చుని చెప్పండి! పారిపోయేవాళ్ళలా ఆ నిలబడటమేమిటి?" అనేవారు.

ఒకసారి కవిటి దగ్గర్నుంచి ఒక కొబ్బరి రైతును తీసుకొచ్చారు. తోటలో గుండె ఆగి పడిపోయాడు. గుండెనైతే మళ్ళీ కొట్టించి, ఊపిరికి వెంటిలేటర్ పెట్టాం గానీ, అప్పటికే మెదడు చచ్చిపోయిందని పరీక్షలన్నీ తేల్చాయి. భార్య నీలవేణి నమ్మలేదు. ఇంటింటా కిడ్నీ జబ్బులున్న ఆ ఉద్దానం ప్రాంతంలో మిషనంటే అందరికీ తెలిసింది డయాలసిస్సే.

"మా మరిదికి కిడ్నీలు పోతే మిసనెట్టీసి ఏళ్ళు బతికించినారు కదమ్మా. ఈయన్నీ అలాగే ఉంచీయండి" అని పట్టుబట్టింది. రోజూ ఆయన చెవి దగ్గర కూర్చుని తోట గురించి, కూతురి చదువు గురించి కబుర్లు చెప్పేది.

ఒక ఉదయం ఆయన కాలు కదిలింది. "సూడండమ్మా, లెగుత్తన్నాడు!" అని నీలవేణి కేక పెట్టింది. బతికున్న మనిషిని చచ్చాడన్నామా? మేడం వచ్చి మళ్ళీ అన్నీ పరీక్షించారు. మిషను కాసేపు విడదీసి, ఆయన సొంతంగా ఊపిరి తీస్తాడేమోనని చూశాం. ఛాతీ కదల్లేదు.

"కాలు కదిపింది వెన్నుపాము, మెదడు కాదు" అన్నారు మేడం నాతో, గొంతు తగ్గించి. "రక్తం అందని మెదడు మెత్తబడిపోతుంది. మనం మిషను నడిపినన్నాళ్ళూ పుర్రె లోపల అది జావలా కరుగుతూనే ఉంటుంది. ఒళ్ళు వెచ్చగా ఉంటుంది గనక పైకి తెలీదు."

పొద్దున్నే నీలవేణి నూనె రాసి దువ్విన తల అది. అటు చూడాలంటే భయమేసింది.

మేడం ఆమె పక్కన కూర్చున్నారు. "నీలవేణీ, మీ మరిదికి పెట్టిన మిషను కిడ్నీ పని చేస్తుంది. మెదడు పని చేసే మిషను ఎక్కడా లేదమ్మా. ఇది గాలి కొడుతోంది, అంతే. లోపల ఆయన మెదడు కరిగిపోతోంది. ఇంక లేవడు."

ఏడుస్తుందనుకున్నాను. తిడుతుందనుకున్నాను.

"మరైతే ఇన్నాళ్ళూ నాను ఎవుల్తో మాటాడినానమ్మా?" అంది.

మేడం ముఖంలో భయం చూడటం నాకదే మొదటిసారి. కుర్చీ దగ్గరికి జరుపుకుని నీలవేణి చెయ్యి పట్టుకున్నారు. సాయంత్రం నీలవేణే వచ్చి, "ఆపీయండమ్మా" అంది.

మేడం ఇప్పుడు లేరు. ఆ ప్రశ్నకు జవాబు ఆవిడా చెప్పలేదు, నాకూ దొరకలేదు. రిపోర్టులు ఏం తేల్చినా సరే, ఎవరైనా మంచం మీదికి వంగి చెవిలో మాట్లాడుతుంటే నేను కర్టెన్ ఇవతలే ఆగిపోతాను. వాళ్ళు చెప్పదలచుకున్నదంతా చెప్పడం పూర్తయ్యాకే లోపలికి వెళ్తాను.