ఆది మాట్లాడిన తెలుగు

ఇంగ్లండులోని స్టీవెనేజ్‌లో నేను పనిచేసే ఇంజనీరింగ్ కంపెనీలో ప్రతి బుధవారం ఉదయం ఫైర్ అలారం పరీక్షిస్తారు. అది మోగితే ఎవరూ కుర్చీలోంచి లేవరు. మొహం చిట్లించుకుని ఒక్క నిమిషం ఓపిక పడతారు, అంతే. నాకు మాత్రం ఆ కూత వినగానే ముక్కుకి మాడిన ఎండుమిర్చి ఘాటు తగులుతుంది. ఆఫీసులో ఎండుమిర్చి ఎక్కడిదని నన్ను నేనే కసురుకుంటాను, అయినా ఆ ఘాటు పోదు. దాని వెనకే న్యూకాసిల్ వచ్చేస్తుంది. యూనివర్సిటీ హాస్టల్ బయట సన్నటి చినుకుల్లో నిలబడ్డ జనం, వాళ్ళ మధ్య పువ్వుల నైటీ మీద శాలువా కప్పుకుని, భూమి చీలితే బాగుండునని చూస్తున్న నేను.

అనకాపల్లి నుంచి మాస్టర్స్ చదవడానికి వచ్చి అప్పటికి రెండు రోజులే అయింది. బ్రెడ్డు తిని తిని విసుగెత్తి, టమాటా పప్పు వండి, మా ఇంట్లో పెట్టినట్టే పోపు పెట్టాను. ఆ పొగకి అలారం మోగి, బిల్డింగ్ మొత్తం ఖాళీ అయింది. వార్డెన్ వచ్చి ఇది ఎవరి నిర్వాకమని అడిగింది. పక్కనున్న పొడుగాటి కుర్రాడొకడు చెయ్యెత్తి, "సారీ, నేను టోస్ట్ మాడ్చాను" అని ఇంగ్లీషులో చెప్పాడు. ఆవిడ పెట్టిన చీవాట్లన్నీ బుద్ధిగా విన్నాడు. ఆవిడ వెళ్ళాక నా వైపు వంగి, "పోపు?" అని ఒక్క మాట తెలుగులో అడిగి, మిగతాదంతా ఇంగ్లీషులో చెప్పాడు. వాళ్ళమ్మ కూడా ఇంతేనట, ముందు కిటికీ తియ్యాలట, ఆ తర్వాతే ఆవాలట.

అతని పేరు ఆది. లండన్ శివారు హారోలో పుట్టి పెరిగాడు. వాళ్ళమ్మ శారద తెనాలి నుంచి వచ్చి లండన్‌లో ఒక ఆసుపత్రిలో డాక్టరుగా పనిచేసేవారు. ఆది డిగ్రీ ఆఖరి ఏడాదిలో ఉన్నాడు, నాకంటే రెండేళ్ళు చిన్న. కొండలెక్కే విద్యార్థుల సంఘం ఒకటుంటే దానికి అతనే పెద్ద. ఆ వారంలోనే నా పేరు అందులో రాసేశాడు. "నాకు మేడ మెట్లెక్కితేనే ఆయాసం" అన్నాను. "అట్లాంటి వాళ్ళే కావాలి" అన్నాడు ఇంగ్లీషులో.

అక్కడి విద్యార్థి సంఘాల్లో ఒక ఆచారం ఉంది. కొత్తగా చేరినవాళ్ళకి పాతవాళ్ళు అమ్మానాన్నలవుతారు. పబ్ వెనక గదిలో అందరూ చేరి, ఉన్ని టోపీలోంచి చీటీలు తీస్తారు. ఎవరికి ఎవరొస్తే వాళ్ళే ఆ ఏడాదంతా తల్లో, తండ్రో. పిల్లలు వింత వేషాలు వెయ్యాలి, అందరి ముందూ వాళ్ళని అమ్మా నాన్నా అని పిలవాలి. అదంతా సరదా. నా చీటీకి ఆది వచ్చాడు. గదంతా బల్లలు చరుస్తూ, "హలో డాడ్ అను, హలో డాడ్ అను" అని అరిచింది. ఆ ఎండాకాలంలోనే మా నాన్న పోయారు. నన్ను ఇక్కడికి పంపాలని ఆరాటపడింది ఆయనే, నా పెట్టె సర్దే నాటికి ఆయన లేరు. ఆ సంగతి న్యూకాసిల్‌లో ఎవరికీ చెప్పలేదు. నేను లేచి బయటికొచ్చేశాను. ఇక చాలు, టికెట్ మార్చుకుని ఇంటికి పోదామని అక్కడే గట్టిగా అనుకున్నాను.

ఆది నా వెనకే వచ్చి గోడ మీద కూర్చున్నాడు. ఏమైందని అడగలేదు. నాన్న సంగతి నేనే చెప్పాను. అందరూ అనే సారీ కూడా అతను అనలేదు. మాటలు కూడబలుక్కుంటూ తెలుగులో అన్నాడు.

"డాడ్ అని పిలవక్కర్లేదు. కానీ ఆ పని నేను చేస్తా."

"ఏం పని?"

"చెకింగ్. తిన్నావా, హీటర్ పనిచేస్తుందా, జీపీ డాక్టర్ దగ్గర పేరు రాశావా. అదీ." మళ్ళీ ఆగి, "నువ్వు నాకు తెలుగు నేర్పించు" అన్నాడు.

బాగానే మాట్లాడుతున్నావు కదా అన్నాను. తల అడ్డంగా ఊపాడు. చిన్నప్పుడు వాళ్ళింట్లో ఏదో విందు జరిగిందట. ఇంటినిండా అంకుల్సూ ఆంటీలూ. ఆది ముద్దుగా తెలుగులో ఏదో చెప్పబోతే, ఆ యాసకి అందరూ పడీ పడీ నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది వాళ్ళమ్మ. మురిపెంగానే నవ్వింది, అది అతనికీ తెలుసు. కానీ ఆ రోజు నుంచి ఆవిడ తెలుగులో అడిగితే ఇతను ఇంగ్లీషులోనే జవాబు చెబుతూ వచ్చాడు. వేసవిలో డిగ్రీ పట్టా తీసుకునే రోజు ఆవిడ వస్తారు కదా, ఆ రోజు ఆవిడతో పొద్దున్నుంచి రాత్రిదాకా తెలుగే మాట్లాడాలని అతని కోరిక. "అమ్మ నవ్వకూడదు" అన్నాడు. ఆ మాట అన్నప్పుడు అతని మొహంలో ఆ చిన్న పిల్లాడే కనిపించాడు. నేను టికెట్ మార్చుకోలేదు.

ఆ ఏడాది నాకు చదువు చెప్పినవాళ్ళు చాలామంది ఉన్నారు. కానీ నేర్పింది ఆదే. కొండ మీదికి వెళ్తే సంఘం పెద్ద అందరికంటే ముందు నడుస్తాడనుకునేదాన్ని. అతను అందరికంటే వెనక, అంటే నాతో నడిచేవాడు. ముందువాళ్ళు పైన ఎక్కడో కూర్చుని, శాండ్‌విచ్‌లు తిని, మేం రొప్పుతూ చేరుకోగానే లేచి దులుపుకునేవాళ్ళు. బలమున్నవాళ్ళకి విశ్రాంతి, లేనివాళ్ళకి మళ్ళీ నడక. ఒకసారి ఆది వాళ్ళని ఆపాడు. "కూర్చోండి. ఆఖరి మనిషి వచ్చాకే బ్రేక్ మొదలవుతుంది" అన్నాడు. గొంతు పెంచలేదు. అందరూ గొణుక్కుంటూ కూర్చున్నారు. ఆ వానలో, ఆ రాయి మీద నేను తాగిన టీ రుచి ఏమీ బాగోలేదు, కానీ నా జీవితంలో అంత హాయిగా ఏదీ తాగలేదు. ఇవాళ నా కింద పనిచేసే పిల్లలు, మా మేనేజర్ కొత్తవాళ్ళని వదిలేసి ముందుకి పోదని చెప్పుకుంటారట. ఆ పేరు నాది కాదు.

తెలుగు పాఠాలు మా హాస్టల్ వంటింట్లో జరిగేవి. నేను కూర తరుగుతుంటే అతను బల్లెక్కి కూర్చుని వచ్చీరాని తెలుగులో మాట్లాడేవాడు. 'త' అతని నోట్లో 'ట' అయ్యేది. నేను అచ్చం అలాగే అనుకరించి ఏడిపించేదాన్ని. నేను నవ్వితే మాత్రం అతనికి కోపం రాలేదు. "నువ్వు అమ్మ కాదుగా" అనేవాడు. చలికాలం గడిచేసరికి బస్సు ఎక్కడం దగ్గర్నుంచి కూరగాయల బేరం దాకా గడగడా చెప్పగలిగాడు. ఒకరోజు అక్కడే ఉండగా వాళ్ళమ్మ ఫోన్ చేశారు. ఇప్పుడే మాట్లాడు అని సైగ చేశాను. నోరు తెరిచాడు. "యా మమ్, ఐయామ్ ఫైన్" అన్నాడు. ఫోన్ పెట్టేశాక, "ఇంకా బాగా రాలేదు. వేసవికి వస్తుంది" అన్నాడు.

వేసవి రాలేదు. ఈస్టర్ సెలవులకి హారో వెళ్ళినవాడు, ఒక ఉదయం పార్కులో పరుగెడుతూ పడిపోయాడు. గుండెలో పుట్టుకతోనే ఏదో లోపం ఉందట, ఎవరికీ తెలియదట. ఇరవయ్యొక్క ఏళ్ళు. ఎన్నో గుండెల చప్పుడు విన్న ఆ తల్లికి తన కొడుకు గుండె సంగతి తెలియలేదు. ఇది రాస్తుంటే ఇప్పటికీ నాకు దేవుడి మీద కోపం వస్తుంది.

మేమంతా లండన్ వెళ్ళాం. అంత్యక్రియలయ్యాక మమ్మల్ని వాళ్ళింటికి తీసుకెళ్ళారు. శారద ఆంటీ సోఫాలో ఒక మూల కూర్చుని ఉన్నారు. ఏడవడం లేదు. వచ్చిన ప్రతి ఒక్కరినీ తిన్నారా అని అడుగుతున్నారు. నా వంతు వచ్చింది. ఏం చెప్పాలో తెలియక నా పేరు చెప్పి, "ఆదీ నేనూ తెలుగులో మాట్లాడుకునేవాళ్ళమండీ" అన్నాను.

ఆవిడ నన్ను వింతగా చూశారు. "మావాడికి తెలుగు రాదమ్మా. వింటాడు, మాట్లాడడు."

"వచ్చండీ. నేర్చుకున్నాడు. మీతో మాట్లాడాలని."

విందు సంగతి నేను చెప్పలేదు, చచ్చినా చెప్పకూడదనే అనుకున్నాను. ఆవిడే అన్నారు. "చిన్నప్పుడొకసారి నేను నవ్వాను. వాడు మరిచిపోయి ఉంటాడనుకున్నాను. మరిచిపోలేదన్నమాట." తర్వాత నా చెయ్యి పట్టుకున్నారు. "ఎట్లా మాట్లాడేవాడు? నువ్వు విన్నావుగా. ఒక్కసారి అట్లా అని చూపించవూ?"

ఇంటినిండా జనం. నాకు సిగ్గేసింది, భయమేసింది. అయినా అతన్ని ఏడిపించడానికి నేర్చుకున్న ఆ యాస, ఆ సాగదీత, మధ్యలో ఆగి మాట వెతుక్కోవడం, అన్నీ తెచ్చుకుని అన్నాను. "అమ్మా, అన్నం టిన్నావా?"

ఆవిడ నవ్వలేదు. "తిన్నానురా" అన్నారు. అప్పుడు ఏడ్చారు.

ఇప్పటికీ అప్పుడప్పుడూ ఫోన్ చేస్తారు. ఉద్యోగం, మోకాళ్ళ నొప్పులు, హారోలో కొత్తగా వచ్చిన ఇడ్లీ దుకాణం, అన్నీ అయ్యాక కాసేపు ఏమీ మాట్లాడరు. ఆ నిశ్శబ్దం ఎందుకో నాకు తెలుసు. ఆ మాటే నేను అంటాను. మొదట్లో అతని గొంతు నా చెవిలో ఉండేది, చూసి రాసినట్టు అనేదాన్ని. ఏళ్ళు గడిచేకొద్దీ అది అరిగిపోయింది. ఇప్పుడు నేను పలికేది ఆది యాసో, నా నోరు కల్పించుకున్న యాసో నాకే తెలియదు. తేడా ఆవిడకి తెలియకుండా ఉండదు, కన్నతల్లి. అయినా ఏ ఒక్కసారీ ఆవిడ తప్పు పట్టలేదు. అటునుంచి ఒక నిట్టూర్పు, వెంటనే అదే జవాబు. "తిన్నానురా."