బోద కసువూ మా కమిటీ తెలివీ

సిద్ధమ్మను మేమే తీసుకొచ్చి తోటపనిలో పెట్టామని మా లేఅవుట్లో గొప్పగా చెప్పుకుంటాం. నిజానికి మాకంటే ముందు నుంచీ అక్కడ ఉన్నది ఆమే. తిరుపతి నుంచి చిత్తూరు వెళ్లే దారిలో, పాకాలకు ఇవతల, ఇప్పుడు మా అరవై రెండు ఇళ్లు నిలబడ్డ గుట్టవాలులో ఆమె మేకలు మేపుకునేది. అంతకు ముందు, పిల్లగా ఉన్నప్పుడు, వాళ్ల నాయన వెంట వచ్చి అదే వాలులో బోద కసువు కోసేది. బోద అంటే నడుమెత్తు పెరిగే గట్టి గడ్డి. కొట్టాల మీద కప్పుకు పరిచేవాళ్లు. చుట్టుపక్కల ఊళ్లలో కొట్టాలు పోయి మిద్దెలు లేచాక బోదను అడిగేవాడు లేకపోయాడు. మేకలతో నెట్టుకొస్తుంటే మేము దిగాం. మేకలకు మేత లేకుండా పోయింది, అమ్మేసుకుంది.

మా మంచితనం చూడండి, ఆమెకు ఉద్యోగం ఇచ్చాం. మేమిచ్చిన మొదటి పని ఆ వాలులో ఉన్న బోదనంతా వేళ్లతో సహా తవ్వి పారేయడం. అరచేతులు బొబ్బలెక్కి, తలకు గుడ్డ చుట్టుకుని నెలన్నర తవ్వింది. ఆ చోట కొరియా పేరున్న పచ్చిక పరిచాం. కొరియాలో ఎవరైనా దాన్ని పెంచుతారో లేదో మాకు తెలియదు గానీ, మా ఇళ్లకు వచ్చే చుట్టాలకు ఆ పేరు చెప్పడం బాగుండేది. ఆ పచ్చికకు రోజూ రెండు పూటలా తడి పెట్టాలి. తొమ్మిదేళ్లు సిద్ధమ్మ పైపు పట్టుకుని దాని చుట్టూ తిరిగింది.

తొమ్మిదో ఏడు వేసవిలో బోరు గుర్రుమని గాలి కక్కింది. అప్పటికే స్నానాలకు ట్యాంకర్లు తెప్పించుకుంటున్నాం. పచ్చిక ముందు పసుపురంగుకు, తర్వాత మట్టిరంగుకు తిరిగింది. కమిటీ అధ్యక్షుడు రఘునాథ్ గారు సమావేశం పెట్టారు. ఆయన విద్యుత్ శాఖలో పెద్ద హోదాలో రిటైరయ్యారు. ఏ విషయమైనా తనకు తెలుసునని నమ్మడం ఆయనకు ఆ ఉద్యోగంతో వచ్చి, ఉద్యోగం పోయినా పోని అలవాటు. నేను కార్యదర్శిని, రిటైరైన లెక్చరర్ని. ఆయన అన్నదానికి తల ఊపి పుస్తకంలో రాయడం నా పని, కాబట్టి ఈ కథలో తప్పంతా ఆయనదే అనే వీలు నాకు లేదు.

బెంగళూరు నుంచి జాహ్నవి అనే డిజైనరు వచ్చింది. తెర మీద బొమ్మలు చూపించింది. ఎండను ఇష్టపడే మొక్కలు, ఏళ్ల తరబడి బతికే మొక్కలు, గాలికి ఊగే అలంకార గడ్డి. "వేళ్లు దిగితే వీటికి నీళ్లు అక్కర్లేదు" అంది. మేము "వేళ్లు దిగితే" అన్న భాగం వదిలేసి "నీళ్లు అక్కర్లేదు" అన్న భాగం ఇంటికి తీసుకెళ్లాం.

తొలకరికి లారీ వచ్చింది. నల్ల సంచుల్లో మొక్కలు, ఒక్కోదానికి ఇంగ్లీషు పేరున్న చీటీ. సిద్ధమ్మ ఒక్కోటే దించుతూ ఒక సంచి దగ్గర ఆగింది. ఆకు చిదిమి వాసన చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"ఇది మన బోద కదా సార్! దీన్ని బెంగుళూరు నించి కొనుక్కోని వచ్చినారా?"

చీటీ మీద వేరే పేరుందని రఘునాథ్ గారు చూపించారు. సిద్ధమ్మకు చదువు రాదు, కాబట్టి వాదనలో ఆయనే గెలిచారు. ఇంకో సంచిలో తంగేడు ఉంది, ఇంకోదాంట్లో బిళ్ళగన్నేరు. వాటికీ చీటీలు ఉన్నాయి. బిళ్ళగన్నేరు శ్మశానం గట్టున పూచే పువ్వని మా ఆవిడ గుర్తుచేయబోతే ఆమెనూ చీటీతోనే ఊరుకోబెట్టాం.

నాటింది సిద్ధమ్మే. గుంత ఎంత లోతు తీయాలో, వాలులో నీళ్లు నిలిచేలా కట్ట ఎట్లా కట్టాలో, మొదట్లో రాళ్లు పేర్చి తేమ ఎట్లా కాపాడాలో ఎవరూ చెప్పలేదు. చెప్పే తెలివి మాలో ఎవరికీ లేదు. వర్షం మొహం చాటేసిన రోజుల్లో మా వంటిళ్ల నుంచి బియ్యం కడిగిన నీళ్లు అడుక్కుని బిందెలతో మోసి పోసింది. కార్తీకానికి తోట లేచింది. బోద మీద ఎర్రటి కంకులు, పక్కన తంగేడు పసుపు, సాయంత్రం వెలుగు పడితే చూపు తిప్పుకోలేకపోయేవాళ్లం. ఒక పత్రిక జిల్లా పేజీలో ఫొటో వేసింది. ఫొటోలో రఘునాథ్ గారు, నేను, జాహ్నవి ఉన్నాం. వెనకాల పైపు చుడుతున్న ఒక చేయి కూడా ఉంది. అది ఎవరిదో తెలిసినవాళ్లకు తెలుసు.

ఆ ఫొటో వచ్చిన నెలకు కమిటీకి ఒక ఆలోచన తట్టింది. నీళ్లు అక్కర్లేని తోటకు నీళ్లు పట్టే మనిషి ఎందుకు? ఎవరూ ఎదురు చెప్పలేదు. నేను రాశాను. సంతకాలు అయ్యాయి.

రఘునాథ్ గారు సిద్ధమ్మను పిలిచి శాలువా కప్పి విషయం చెప్పారు. ఆమె శాలువా మడిచి చంకలో పెట్టుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి, కారలేదు. మొగుడు మునస్వామి నడుము పడిపోయి మంచంలో ఉన్నాడని, ఈ పనే ఆ ఇంటికి ఆధారమని మా అందరికీ తెలుసు.

"ఒక మాట సార్. ఎండలు ముదిరితే ఈ కసువు ఎండిపోయినట్టు కనపడతాది. సచ్చిందనుకోని పీకేయబాకండి. పండుకోనుంటాది, అంతే. ఏర్లు లోపల పచ్చిగా ఉంటాయి. వానొస్తే లేస్తాది."

"అర్థమైందమ్మా. నీ బాధ మాకు తెలుసు" అన్నారు రఘునాథ్ గారు.

ఆమె గేటు దాటగానే మా వైపు తిరిగి, "చూశారా, ఉద్యోగం నిలబెట్టుకోవడానికి ఎంత తెలివిగా చెప్పిందో!" అన్నారు. మేమంతా నవ్వాం. నేనూ నవ్వాను.

మే నెలకు బోద గోధుమరంగులోకి మారి వాలిపోయింది. జాహ్నవికి సందేశం పెడితే, మేము ఏడాది నిర్వహణ ఒప్పందం తీసుకోలేదు కాబట్టి సలహా ఇవ్వలేనని మర్యాదగా జవాబిచ్చింది. రఘునాథ్ గారు కర్రతో ఒక దుబ్బును పొడిచి చూసి చచ్చిపోయిందని ప్రకటించారు. వంగి వేరు గిల్లి చూద్దామని ఎవరికీ అనిపించలేదు. నాకు ఒక్క క్షణం అనిపించింది గానీ, మోకాళ్ల నొప్పులని ఊరుకున్నాను. జేసీబీ వచ్చి ఒక్క పూటలో వాలంతా గోకేసింది. దుబ్బులను ప్రహరీ అవతల రోడ్డు పక్కనున్న వంకలో, అదే వానలకు పారే వాగులో, పడేసింది. వాలు మీద ప్లాస్టిక్ పచ్చిక పరిచాం. ఇదొక్కటే నిజంగా నీళ్లు అక్కర్లేనిది. మధ్యాహ్నం దాని మీద కాలు పెట్టిన పిల్లలు కెవ్వుమని ఇళ్లలోకి పరిగెత్తారు.

జూలైలో వానలు పడ్డాయి. పదిహేను రోజులకు వంక పచ్చబడింది. తలకిందులుగా పడ్డ దుబ్బులు కూడా పక్కకు తిరిగి పిలకలు వేశాయి. కార్తీకం వచ్చేసరికి గట్టు పొడవునా ఎర్రటి కంకులు. కాణిపాకం వెళ్లే జనం కూడా కార్లు ఆపి వంక దగ్గర ఫొటోలు దిగుతుంటే, మేము మా గేటు లోపల ప్లాస్టిక్ మీద దుమ్ము దులుపుకుంటూ చూశాం. మా మొహాలు ఎట్లా ఉన్నాయో మీరే ఊహించుకోండి.

సిద్ధమ్మ హైవే పనిలో ఉందని తెలిసింది. రోడ్డు మధ్యన గన్నేరు మొక్కలకు ట్యాంకరు నీళ్లు పట్టే కూలి. నేను, రఘునాథ్ గారు కారులో వెళ్లాం. ఎండలో, రెండు వైపులా లారీల మధ్య, పసుపు కోటు వేసుకుని ఆమె ఒక మొక్క మొదట్లో వంగి ఉంది.

"సిద్ధమ్మా, నీ పని నీకే ఇస్తాం, వచ్చెయ్. వంకలో కసువు తెచ్చి మళ్లీ వాలులో నాటు" అన్నారు రఘునాథ్ గారు. ఎంతైనా పెద్ద మనసు కదా, ఇంకో మాట కూడా కలిపారు. "అప్పుడు నువ్వు బతిమాలినప్పుడే మేము వినాల్సింది."

"నేనెప్పుడు బతిమాలినా సార్?"

"అదే, వెళ్లేరోజు. పనిలోంచి తీసేయొద్దని..."

సిద్ధమ్మ లేచి నిలబడింది. మా వైపు తిరిగింది. కోపం ఉన్నట్టు లేదు, ఉంటే నాకు తేలిగ్గా ఉండేది.

"నా పని మాట నేను ఎత్తలేదు సార్. కసువు పీకబాకండి అని సెప్పినా."

రఘునాథ్ గారు కారు తాళాలు తిప్పుకుంటూ నిలబడ్డారు. నాకు సిగ్గేసింది. ఆ రోజు నవ్విన నవ్వు గుర్తొచ్చి ఆమె మొహం చూడలేకపోయాను. అయినా, కనీసం ఒక్కసారి వచ్చి ఆ కసువును మా తోటలోకి మార్చిపొమ్మని అడిగాను.

"వద్దు సార్, ఆడే ఉండనీండి" అంది సిద్ధమ్మ పైపు ఎత్తుకుంటూ. "ఆడైతే దాన్ని బాగుచేసేదానికి ఎవరూ రారు."