జ్యోతికి పడిన ఓట్లు

మా ప్రభావతి టీచరుకు తాడేపల్లిగూడెంలో ఇల్లు, కొల్లేటి లంకలో ఉద్యోగం. ఏలూరు దాకా రైలు, అక్కణ్ణించి ఆటో. ఏ పాఠమైనా చేసి చూపిస్తే తప్ప ఆవిడకు తృప్తి ఉండదు. ఎన్నికల పాఠం రాగానే అట్టపెట్టెకు కన్నం పెట్టి, మూలన చీర అడ్డం కట్టి, ఐదో తరగతి లీడరు కోసం పోలింగు పెట్టేశారు. వేళ్లకు సిరా చుక్క పెట్టే పని తోటి టీచరునైన నాకు అంటగట్టారు.

పోటీ కృష్ణకూ జ్యోతికీ. కృష్ణ ఊరి పెద్దగారి మనవడు, లీడరు పదవి మీద వాడికేమీ మోజు లేదు. జ్యోతికి మాత్రం ప్రాణం. ఆడపిల్లల బాత్రూముకు తలుపు పెట్టిస్తానని ప్రసంగం కూడా చేసింది.

లెక్కపెడితే ఓట్లన్నీ కృష్ణకే. జ్యోతికి సున్నా. ప్రభావతి టీచరు మొహం పాలిపోయింది.

"నీ ఓటైనా నువ్వు వేసుకోలేదేమ్మా?"

"నిన్న రామాలయం అరుగు మీద అందరం కూర్చుని, కృష్ణకే వెయ్యాలని కట్టుబాటు చేసుకున్నామండి. పెద్దోళ్లు చేసుకుంటారు కదండీ, అలాగే. తప్పినోళ్లతో ఎవరూ మాట్లాడరండి."

ఆవిడకు ఒళ్లు మండింది. ఓటు రహస్యమనీ, చీర చాటున ఎవరూ చూడరనీ గట్టిగా చెప్పి, అప్పటికప్పుడు మళ్లీ పోలింగు పెట్టారు. ఈసారీ కృష్ణే గెలిచాడు గానీ జ్యోతికి రెండు ఓట్లు పడ్డాయి. ఒకటి ఆ పిల్లదేనని అందరికీ తెలుసు. రెండోది ఎవరిదో తెలియదు. పాఠం ఎక్కిందని ఆవిడ మురిసిపోయారు. నేనూ మురిశాను.

మధ్యాహ్న భోజనాల దగ్గర పిల్లలంతా ఒక వరుసలో కూర్చున్నారు, జ్యోతి ఒక్కతీ గోడవారన. ఆ రెండో ఓటు వేసినవాళ్లు కూడా వరుసలోనే తల వంచుకుని తింటున్నారు.

ప్రభావతి టీచరు తన కంచం పట్టుకెళ్లి జ్యోతి పక్కన కూర్చున్నారు.

"మీరు అటెళ్లిపోండి టీచర్‌గారూ. మీతో కూడా మాట్లాడటం మానేస్తారండి" అంది ఆ పిల్ల మెల్లగా.

"పిచ్చిపిల్లా, అన్నం తిను."

మర్నాడు మేమెక్కిన ఆటోలో, ఏలూరులో చేపలమ్మి లంకకు తిరిగొస్తున్న సుబ్బాయమ్మ ఉంది. రోజూ "రండి టీచర్‌గారూ" అని జరిగి చోటిచ్చే మనిషి. ఆవేళ ఖాళీ బుట్ట తీసి పక్కన సీటు మీద పెట్టుకుంది.

"ఏవండీ సుబ్బాయమ్మగారూ, కొంచెం జరుగుతారా?" అన్నారు ప్రభావతి టీచరు.

సుబ్బాయమ్మ మొహం చెరువుల వైపు తిప్పుకుంది. ఊరొచ్చేదాకా ఇటు తిరగలేదు.