గ్రెగ్ పోసిన నట్టల మందు

గన్నవరంలో పశువైద్యం చదివి, పీహెచ్‌డీకని ఆస్ట్రేలియాలోని పెర్త్ వచ్చి అక్కడే స్థిరపడిన ఉదయలక్ష్మికి తన ఉద్యోగం ఏమిటో చెప్పడమంటేనే విసుగు. ఊరి శివారు కానింగ్ వేల్‌లో ఏ తెలుగువాళ్ల పుట్టినరోజు పార్టీకి వెళ్లినా ఎవరో ఒకరు "వ్యాక్సినా! కోవిడ్‌దా?" అంటారు. "కాదు ఆంటీ, గొర్రెలకి. కడుపులో చేరి రక్తం తాగే నట్టలుంటాయే, వాటికి" అనగానే ఆ ఆంటీ పెరుగువడల వైపు జరిగిపోతుంది.

ఆ నట్టలు చాలా మందులకు లొంగడం మానేశాయి. లొంగే మందులు ఒకటో రెండో మిగిలాయి. అందుకే టీకా. కానీ గొర్రె కడుపులో తరతరాలుగా కాపురం చేస్తున్న పురుగు అంత తేలిగ్గా ఖాళీ చేస్తుందా? ల్యాబులో చేసిన టీకాలు ఒకదాని తర్వాత ఒకటి బెడిసికొట్టాయి. ఎట్టకేలకు ఒకటి ఆశ పుట్టించింది. పెర్త్‌కు దక్షిణాన ఆల్బనీ దగ్గర గ్రెగ్ అనే రైతు పరీక్షకు తన మందను ఇచ్చాడు. సగం గొర్రెలకు టీకా వేసి చెవులకు నీలం ట్యాగులు పెట్టారు. పోల్చి చూసేందుకు మిగతా సగానికి ఉత్త సెలైన్, పసుపు ట్యాగులు. "నన్నడగకుండా ఏ మందూ వేయొద్దు" అని ఉదయలక్ష్మి ఒకటికి పదిసార్లు చెప్పి వచ్చింది.

ఆ ఏడాది వానలు బాగా పడ్డాయి. తడి పచ్చిక, పురుగుకు పండగే. సీజను చివర పెంటికలు తెప్పించి మైక్రోస్కోపు కింద చూసింది. నీలం ట్యాగుల వాటిలో పురుగు గుడ్డు ఒక్కటి లేదు. ఆమె గుండె ఎగిరి గంతేసింది. పసుపు ట్యాగుల వాటిలోనూ లేదు.

వెంటనే గ్రెగ్‌కు ఫోన్ చేసింది.

"నట్టల మందేమైనా పోశావా?"

"పోశాను మరి. పసుపువి తల వేలాడేసుకుని నిలబడలేకపోయాయి. కనురెప్ప లాగి చూస్తే లోపల రక్తం లేక కాగితంలా తెల్లగా ఉంది. చావనివ్వమంటావా?"

"నాకు ఫోన్ చేయొచ్చుగా!"

"చేస్తే వద్దంటావని చేయలేదు."

"నీలం వాటిక్కూడా పోశావా?"

"వాటి రెప్పలు ఎర్రగా బాగానే ఉన్నాయి. కానీ కొన్నిటికి పోసి కొన్నిటికి మానడం ఏం న్యాయం?"

ఆమెకు ఏడవాలో అరవాలో తెలియలేదు. టీకా పనిచేసింది. దానికి సాక్ష్యం గ్రెగ్ నోటిమాట ఒక్కటే.

"పోనీలే, పనిచేసిందిగా" అన్నాడు భర్త శ్రీకర్, అన్నం దగ్గర.

"గ్రెగ్ చెప్పాడని జర్నల్లో రాయమంటావా?"

"బట్ అమ్మా, దట్స్ సో నైస్ ఆఫ్ హిమ్" అంది కూతురు తన్మయి.

"నువ్వు నోర్మూసుకుని తిను."

అన్నదే గాని, కూతురన్నది తప్పేం కాదు. తను పశువుల డాక్టరు. రెప్ప తెల్లబడ్డ గొర్రె ఎదురుగా ఉంటే తను మాత్రం ఏం చేసేది? మర్నాడు పరీక్ష పద్ధతి తిరగరాసింది: రెప్ప తెల్లబడితే ముందు రక్తం, పెంటికలు తీసుకోవాలి, ఆ వెంటనే మందు పోయాలి.

"ఈ మాట మొదటే చెప్పుంటే సరిపోయేదిగా" అన్నాడు గ్రెగ్. ఆమె పళ్లు నూరుకుని థాంక్స్ చెప్పింది.

ఈ ఏడు మళ్లీ మొదలుపెట్టారు. వానల జాడ లేదు. ఎండిన గడ్డిలో పురుగూ లేదు, టీకాకు పరీక్షా లేదు. నీలమనీ పసుపనీ తేడా లేకుండా గొర్రెలన్నీ గుండ్రాళ్లలా ఉన్నాయి. గ్రెగ్ ఎంతో సంతోషంగా వాటి ఫొటోలు పంపిస్తున్నాడు. ఉదయలక్ష్మి వాటిలో గొర్రెల వెనకాల మబ్బు తునకేమైనా ఉందా అని వెతుకుతోంది.